చిల్లర

మొదటి మచ్చ మోచేతి మీద,
రూపాయి బిళ్ళంత.
తామరన్నాడు మందుల షాపు కుర్రాడు,
చీటీ అడక్కుండానే ట్యూబు ఇచ్చేడు.
వారంలో మాయమైంది.
ఆదివారం గుడిలో స్తోత్రం చెప్పుకున్నాం.
మూడో వారం తిరిగొచ్చింది
ఈసారి నలుగుర్ని వెంటేసుకుని.

అప్పటికి కెజియాకి ఏడేళ్ళు.

సర్పి అన్నారు, వేడి అన్నారు.
నేను షెడ్డులో రొయ్యల తలలు తీస్తాను గనక
నా చేతుల్నించే అంటిందని మా అత్తగారు.
చేప మానేశాం. వంకాయ మానేశాం.
పక్కింటి పులుసు వాసనొస్తే
పిల్లే లేచి తలుపు వేసొచ్చేది.

పాలకొల్లులో ఒక డాక్టరు
కళ్ళు మూసుకోమని, ఈకతో గీసి
"తెలుస్తోందా? ఇప్పుడు?" అనడిగేడు.
దేనికోసం వెతుకుతున్నాడో తెలిసి
నేను బల్ల అంచు పట్టుకున్నాను.
తెలుస్తోందంది పిల్ల, ప్రతిసారీ.
ఒకసారైతే ఈక తగలకముందే.
అది కాదులెండి, అన్నాడు.
మరేమిటో చెప్పలేదు.
ఇంకో ట్యూబు రాసేడు.

బళ్ళో బెంచీ చివరికి జరిపేరు.
ఎండాకాలంలో పొడుగు చేతుల చొక్కా కావాలంది.
దర్జీ కొలత తీస్తుంటే
నాకేదో గుర్తొచ్చినట్టయి
పోయింది.

పాత క్యాలెండరు వెనక రాయడం మొదలెట్టేను.
ఏ రోజు ఏ ట్యూబు, ఎన్నాళ్ళకి తగ్గింది,
ఎన్నాళ్ళకి రెట్టింపయింది.
గొంతునొప్పి వచ్చిన పదిహేనో రోజు
ఒళ్ళంతా చినుకులు పడ్డట్టు.
నా చదువు తొమ్మిదితో ఆగింది గానీ
అంకె తప్పు రాయను,
రోజూ రొయ్యల కిలోలు రాసుకునే చెయ్యి.

ఏలూరు పెద్దాసుపత్రిలో
మధ్యాహ్నం రెండింటికి మా నంబరు.
ఆ డాక్టరమ్మ మచ్చల్ని ఆఖర్న చూసింది.
ముందు గోళ్ళు చూసింది.
గుండుసూదితో పొడిచినట్టు గుంటలు.
నాలుగేళ్ళూ ఆ గోళ్ళు తీసింది నేనే.
జుట్టు పాయలు విడదీసింది, చెవుల వెనక చూసింది,
నా కాగితాలు బల్ల మీద పరిచి
వేలు పెట్టి చదివింది, రొయ్యల వాసనొస్తున్నా.
ఒక పొట్టు మెల్లగా గీకితే
కింద ఆవగింజలంత రక్తం చుక్కలు.
"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

లేదనబోయి
ఆగిపోయేను.

మా నాన్న సఖినేటిపల్లి రేవులో
పంటు మీద టిక్కెట్లు కొట్టేవాడు.
రోహిణీ కార్తెలో కూడా మణికట్టుదాకా బొత్తాలు.
జనం డబ్బులు చేతికివ్వరు,
చెక్కబల్ల మీద పెడతారు.
చిల్లరా అక్కణ్ణించే ఏరుకుంటారు.
పెళ్ళిభోజనాల్లో ఆఖరి విస్తరి ఆయనది.
పొద్దున్నే మంచం దులిపితే తెల్లపొట్టు.
ఏమిటిదని ఆయనా అడగలేదు,
మేమూ అడగలేదు.
పేరు తెలీకుండానే పోయేడు,
ఆ చొక్కా తోటే.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపేరు.
పదిరోజులకి కాగితం మీద పేరొచ్చింది,
సోరియాసిస్.
అంటదు, అంది ఆవిడ ముందు.
పూర్తిగా పోదు, అంది తర్వాత.
రెండు మాటల మధ్య
ఊపిరి పీల్చుకునేంత జాగా వదిలింది.
ఆ పాత ట్యూబులు ఒక్కసారిగా కాదమ్మా,
నేను చెప్పినట్టు మెల్లిగా ఆపాలి,
కొబ్బరినూనె మాత్రం మానకు, అంది.
కోనసీమవాళ్ళకి అది చెప్పాలా అని
నవ్వబోయి ఏడ్చేను.

పిల్ల కాగితం అడిగి తీసుకుంది.
అక్షరం అక్షరం కూడబలుక్కుంది.
"తాతకీ ఇదేనా?"
ఇదే.
"మరాయనకి ఎవరూ చెప్పలేదేం?"

సాయంత్రం పంటెక్కేం నరసాపురంలో.
బైకులు, గడ్డిమోపులు, ఎవరిదో మేక.
టిక్కెట్ల కుర్రాడికి నోటిచ్చేను.
చిల్లరకి కెజియా చెయ్యి చాపింది,
మోచేతి పైదాకా చొక్కా మడిచి.
వాడు ఫోనులో ఎవరితోనో గొడవపడుతూ
అరచేతిలో పోసేడు.
చూసేడో,
చూళ్ళేదో.

అది మాత్రం
అవతలి రేవొచ్చేదాకా
ఆ నాలుగు బిళ్ళలూ
మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టింది.